నలుగురూ ఏమంటారు? - మనోవిశ్లేషణ, మన బాల్యం, బుచ్చిబాబు

మనోవిశ్లేషణ తెలుగు నవలలోకి వచ్చి సుమారు ఎనిమిది దశాబ్దాలవుతోంది. ఇంతకాలమూ మన విమర్శ దానితో ముఖ్యంగా రెండు రకాలుగానే వ్యవహరించింది. ఒక వర్గం విమర్శకులు ఫ్రాయిడ్ పేరు చెప్పి, పాత్ర ఎటువంటిదైనా సరే దాని బాల్యంలో ఏదో ఒక కోరికను వెతికి పట్టుకుని, రహస్యమంతా ఇందులోనే ఉందని తేల్చేస్తారు. రెండో వర్గంలో మన అభ్యుదయ శిబిరం వారే ఎక్కువ. వీరు ఇదంతా క్షీణిస్తున్న వర్గాల వ్యక్తివాదమని ఒక్కమాటతో పక్కకు నెట్టేస్తారు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు ధోరణులకూ ఒక పోలిక ఉంది. మనిషి ఎవరి మధ్య పెరిగాడు, ఏ మాటలు విని పెరిగాడు అనే ప్రశ్నను రెండూ వేయవు.

ఆ ప్రశ్న వేయటానికి పశ్చిమ డెల్టా తగిన చోటు. 'చివరకు మిగిలేది' రాసిన బుచ్చిబాబు, అంటే శివరాజు వెంకట సుబ్బారావు, 1916లో ఏలూరులో పుట్టారు. 'గాలివాన' రాసిన పాలగుమ్మి పద్మరాజు అంతకు ఏడాది ముందు, 1915లో, తాడేపల్లిగూడానికి అట్టే దూరంలేని అత్తిలి ప్రాంతంలో, తిరుపతిపురంలో పుట్టారు. మనిషి లోపలి జీవితాన్ని పట్టుకున్న రెండు ప్రసిద్ధ తెలుగు రచనలు ఒకే ప్రాంతపు మనుషుల నుంచి, కొద్ది సంవత్సరాల తేడాలో రావటం కాకతాళీయమే కావచ్చు. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, రెండింటిలోనూ ఒకే శక్తి పనిచేస్తున్నదని తెలుస్తుంది. ఆ శక్తికి మన భాషలో ఎప్పటినుంచో పేరుంది. దాన్ని 'నలుగురు' అంటాం. పసితనంలో తండ్రి గొంతు మనసులో దూరి శాసిస్తుందని ఫ్రాయిడ్ చెప్పాడు. మన నవలల్లో ఆ చోట వినిపించేది నలుగురి గొంతు. ఈ తేడాను గుర్తించకపోతే మనోవిశ్లేషణ మన చేతిలో విమర్శనా సాధనంగా ఉండదు, ఊరి చాడీకి శాస్త్రం పేరు పెట్టటంగా మిగులుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

1. వియన్నాలో ఒక ఇల్లు

సిద్ధాంతాన్ని ముందు దాని చరిత్రలో పెట్టి చూడాలి. సిగ్మండ్ ఫ్రాయిడ్ (1856-1939) 1900లో వెలువరించిన కలల గ్రంథంలోనే గ్రీకు నాటకంలోని ఈడిపస్ రాజు కథనూ, షేక్స్పియర్ హామ్లెట్‌నూ ప్రస్తావించాడు. తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్లాడిన రాజు ఈడిపస్. ప్రతి పసివాడి మనసులోనూ ఆ కోరిక నీడ ఒకటి ఉంటుందనీ, దాన్ని అణచుకునే క్రమంలోనే వాడు మనిషవుతాడనీ ఫ్రాయిడ్ వాదన. 1905లో లైంగికతపై రాసిన మూడు వ్యాసాలలో శైశవానికి కూడా కామజీవితం ఉందని ప్రకటించాడు. ఆ తర్వాత అతనూ అతని శిష్యులూ ఆ ఎదుగుదలకు మెట్లు కట్టారు. బిడ్డ సుఖం మొదట నోటిలోనూ, తర్వాత విసర్జనలోనూ, ఆపైన జననాంగంలోనూ కేంద్రీకరిస్తుందని చెప్పి, వాటికి మౌఖిక దశ, గుద దశ, లింగ దశ అని పేర్లు పెట్టారు. బడి వయసులో ఇదంతా నిద్రాణంగా ఉండే గుప్త దశ, యవ్వనంలో జననేంద్రియ దశ వస్తాయి. ఏ మెట్టు దగ్గర మనసు చిక్కుబడితే పెద్దయ్యాక ఆ మెట్టుకే తిరిగి జారుతుందంటారు.

1923లో రాసిన గ్రంథంలో ఫ్రాయిడ్ మనసును మూడు భాగాలు చేశాడు. కోరికలకు నెలవైన అచిత్తు, లోకంతో వ్యవహారం నడిపే అహం, లోపలే కూర్చుని తీర్పు చెప్పే అధ్యహం. పిల్లవాడు తండ్రికి భయపడి తన కోరికను వదులుకున్నప్పుడు ఆ తండ్రి అధికారం వాడి లోపలికి వెళ్లి అధ్యహంగా స్థిరపడుతుంది. అప్పటినుంచి తండ్రి ఎదుట లేకపోయినా తీర్పు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

ఈ సిద్ధాంతంలోని సాహసాన్ని తక్కువ చేయనక్కర్లేదు. బిడ్డ మనసు ఖాళీ పలక కాదనీ, అక్కడ ప్రేమా ద్వేషమూ ఈర్ష్యా అన్నీ ఉంటాయనీ చెప్పి, అతను పెద్దల ఆత్మసంతృప్తిని చెదరగొట్టాడు. కాని ఈ కథ జరిగిన ఇంటిని కూడా గమనించాలి. అది పందొమ్మిదో శతాబ్దపు చివరి వియన్నా నగరంలో మధ్యతరగతి ఇల్లు. తలుపులు మూసి ఉంటాయి. లోపల తల్లి, తండ్రి, బిడ్డ ఉంటారు. అన్నం పెట్టే దాది ఉన్నా లెక్కలోకి రాదు. పక్కింటివాళ్లు, మేనమామలు, నాయనమ్మలు, రచ్చబండ ఏవీ లేవు.

ఇల్లు మారితే కథ మారదా అనే సందేహం తొలిరోజుల్లోనే వచ్చింది. ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ 1911లో ఫ్రాయిడ్ నుంచి విడిపోయి, బిడ్డను నడిపేది కామం కన్నా న్యూనతాభావమని అన్నాడు. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ ద్వీపాల్లో బతికి చూసి 1927లో ఒక పుస్తకం రాశాడు. అక్కడ బిడ్డకు తండ్రి నేస్తం వంటివాడు, అధికారమంతా మేనమామది; కాబట్టి పిల్లవాడి పగ కూడా మేనమామ మీదే అని అతని వాదన. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించే ఆచారమూ, ఆ మామ కూతుర్నే పెళ్లాడే మేనరికమూ ఉన్న తెలుగువాళ్లకు ఈ వాదనలో ఆలోచించవలసింది చాలా ఉంది.

మనదేశంలో ఈ సందేహాన్ని లేవనెత్తినవాడు గిరీంద్రశేఖర్ బోస్. 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపినవాడు. తన బెంగాలీ రోగులలో తండ్రి దండన భయం ఐరోపా రోగులలో ఉన్నంత బలంగా లేదనీ, మగవారిలో స్త్రీ కావాలనే కోరిక మరింత తేలిగ్గా బయటపడుతున్నదనీ 1929లో ఆయన ఫ్రాయిడ్‌కు రాశాడు. ఫ్రాయిడ్ మర్యాదగానే జవాబిచ్చాడు గాని సిద్ధాంతాన్ని మార్చుకోలేదు. తర్వాతి కాలంలో ఎ.కె. రామానుజన్ మన పురాణకథల్లో దిశ తిరగబడి ఉండటం చూపించాడు. యయాతికి పూరుడు తన యవ్వనం ఇచ్చేస్తాడు. శంతనుడి పెళ్లి కోసం భీష్ముడు తన పెళ్లినే వదులుకుంటాడు. ఇక్కడ కొడుకు తండ్రిని చంపడు; తండ్రి కోసం తన బతుకును ధారపోస్తాడు. సుధీర్ కకర్ 1978లో ప్రచురించిన గ్రంథంలో, భారతీయ బాలుడు తల్లి ఒడిలో దీర్ఘకాలం ఉండి, తర్వాత హఠాత్తుగా మగవాళ్ల లోకంలోకి నెట్టబడతాడని వివరించాడు. వీరందరూ ఇంటి పటాన్ని పెద్దది చేసినవారే. అయితే వీరి దృష్టి ఎక్కువగా బంధువర్గం దగ్గర ఆగింది. వీధి దాకా రాలేదు.

2. మనవారి లెక్క

అభ్యుదయ ఉద్యమానికి ఫ్రాయిడ్‌తో వైరం పుట్టుకతో వచ్చిందనుకోవటం చరిత్ర తెలియకపోవటం. విప్లవం తర్వాత మాస్కోలో వేరా ష్మిట్ మనోవిశ్లేషణ సూత్రాలతో ఒక శిశుగృహం నడిపింది. 1921లో మొదలైన ఆ గృహం 1925లో మూతబడింది. అదే 1925లో ఫ్రాయిడ్ పుస్తకం ఒకదాని రష్యన్ అనువాదానికి విగోత్‌స్కీ, లూరియా ముందుమాట రాశారు. 1927లో వొలోషినోవ్ తన విమర్శ వెలువరించాడు. ఇంగ్లండులో క్రిస్టఫర్ కాడ్వెల్, స్పెయిన్ యుద్ధంలో 1937లో మరణించిన ఆ యువకుడు, ఫ్రాయిడ్ మీద రాసిన వ్యాసం మరుసటి ఏడాది అచ్చయింది. ఫ్రాయిడ్ మనిషిని సమాజానికి ముందే తయారైపోయిన కోరికల మూటగా చూశాడనీ, సమాజాన్ని అడ్డంకిగా మాత్రమే లెక్కించాడనీ కాడ్వెల్ అన్నాడు. ఈ విమర్శ సరైనదే. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడే నాటికి ఈ చర్చ అంతా ప్రపంచంలో నడుస్తూనే ఉంది.

కాని ఫ్రాయిడ్ కూడా మనమీద ఒక అభియోగం మోపాడు. దానికి మనం సూటిగా జవాబు చెప్పినట్టు లేదు. 1933లో వెలువడిన ఉపన్యాసాలలో అతను అన్నదాని సారాంశం ఇది: బిడ్డ అధ్యహం తల్లిదండ్రుల ప్రవర్తనను చూసి తయారు కాదు, తల్లిదండ్రుల అధ్యహాన్ని చూసి తయారవుతుంది. తరతరాల తీర్పులు దాని ద్వారానే చేతులు మారుతాయి. ఆర్థిక పరిస్థితులు మారినంత వేగంగా మనిషి లోపలి గతం మారదు. చరిత్రను భౌతికవాద దృష్టితో చూసేవారు ఈ సంగతిని చిన్నచూపు చూస్తున్నారు. ఇదీ అభియోగం. భూమి చేతులు మారినా, చట్టం మారినా, కూతురి పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ప్రగతిశీలురు సైతం ఎందుకు వెనకాడుతున్నారని ఎవరైనా అడిగితే, దానికి జవాబు వెతుక్కోవలసిన చోటు ఇక్కడే ఉంది.

జవాబుకు దారి విగోత్‌స్కీ (1896-1934) చూపించాడు. పిల్లవాడి మానసిక శక్తులలో పై మెట్టువన్నీ రెండుసార్లు పుడతాయంటాడు అతను: మొదట మనుషుల మధ్య, తర్వాత మనిషి లోపల. మనసులో మనతో మనం మాట్లాడుకునే మాట ఒకప్పుడు బయట ఇతరులతో మాట్లాడిన మాటే. అంటే లోపల తీర్పు చెబుతున్న గొంతు ఎవరిదో తెలియాలంటే, బయట ఆ తీర్పు ఎవరు చెప్పేవారో వెతకాలి. ఫ్రాయిడ్ అధ్యహాన్ని విగోత్‌స్కీ దారిన వెతుక్కుంటూ వెళితే మనం చేరేది డెల్టా వీధికే.

3. వెలి లోపలికి వెళ్లిన కథ

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గోదావరి నీళ్లూ కృష్ణ నీళ్లూ కాలవల్లో వచ్చి ఏలూరులో కలిశాయి. చిత్తడీ మెట్టా కలిసిన ఈ ప్రాంతం రెండు తరాల్లో వరిపొలమైంది. వడ్ల డబ్బుతో పాటు బళ్లు, కచేరీలు, ప్లీడర్లు, రైలు వచ్చాయి. ఇంగ్లీషు చదివిన కొడుకు పొలంతో సమానమైన ఆస్తి అయ్యాడు, కట్నం పెరిగింది. ఇటువంటి సమాజంలో పరువు అనేది గాలిమాట కాదు. సంబంధం కుదరాలన్నా, అప్పు పుట్టాలన్నా, కౌలు దొరకాలన్నా, వకీలుకో వైద్యుడికో పని రావాలన్నా ముందు నడిచేది పేరు. 'తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను' అనే సామెతలో పిల్లా బర్రే ఒకే బేరంలోకి రావటం యాదృచ్ఛికం కాదు. నలుగురికి ఉన్న అధికారానికి పునాది ఈ మార్కెట్టులో ఉంది.

ఆ అధికారం ఒకప్పుడు బాహాటంగా ఉండేది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, దానిలో పాల్గొన్నవారిని ఊరు వెలివేసింది. వెలి అంటే ఏమిటో మన పెద్దవాళ్లకు తెలుసు. పురోహితుడు రాడు, పిలుపు ఉండదు, నీళ్లు పుట్టవు, చివరకు శవం మోసే నలుగురు దొరకరు. నలుగురు అనే మాటలోని భయం అంతా ఈ చివరిదానిలో ఉంది.

ఇరవయ్యో శతాబ్దం గడిచేకొద్దీ చదువుకున్నవారి మధ్య ఈ బాహాటపు వెలికి పదును తగ్గింది. కొళాయి నీళ్లకు, రైలుపెట్టెకు, సర్కారు జీతానికి ఊరి అనుమతి అక్కర్లేదు. మరి నలుగురూ ఏమయ్యారు? నా దృష్టిలో వాళ్లు వీధిలోంచి మనసులోకి మారారు. బయట శిక్ష తగ్గినకొద్దీ లోపల విచారణ పెరిగింది. 1940లలో మన నవల ఒక్కసారిగా మనిషి లోపలికి తిరగటానికి పాశ్చాత్య పుస్తకాల పఠనం ఒక కారణం అయితే, ఈ మార్పు రెండో కారణం. చలం 'మైదానం' (1927) నాయిక రాజేశ్వరికి నలుగురూ ఇంకా బయటే ఉన్నారు. అందుకే ఆమె ఊరు విడిచి మైదానానికి వెళ్లిపోగలిగింది. 1940ల మధ్యలో గోపీచంద్ రాసిన 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు ఎక్కడికి వెళ్లినా వంశప్రతిష్ఠ అనే గొంతు అతనితోనే వెళుతుంది. ఆస్తి కరిగిపోయిన తర్వాత కూడా ఆ గొంతు ఆగదు. అది అతన్ని శ్మశానం దాకా తీసుకుపోతుంది.

4. దయానిధి తల్లి

1946-47లలో 'నవోదయ' పత్రికలో ధారావాహికగా వచ్చిన 'చివరకు మిగిలేది' ఈ పరిణామానికి పరాకాష్ఠ. దయానిధి చదువుకున్నవాడు, వైద్యుడు, సున్నిత మనస్కుడు. అతని జీవితం మీద ఒక మాట పడింది. తల్లి నడవడి మంచిది కాదని ఊరు అనుకుంటుంది. తల్లి చనిపోతుంది గాని ఆ మాట చావదు. అది అతని పెళ్లిలోకి, స్నేహాల్లోకి, వృత్తిలోకి వెంటవస్తుంది. కోమలిని కోరుకుంటాడు, దగ్గరకు వెళ్లలేడు. అమృతం ఆప్యాయతను అందుకుని మళ్లీ దానికే జంకుతాడు. ఇందిరను పెళ్లి చేసుకుంటాడు, కాపురం నిలవదు. కోస్తా విడిచి రాయలసీమకు వెళ్లి అక్కడ వజ్రాల గనుల మధ్య కొత్త జీవితం కట్టుకోబోతే, అక్కడా మనుషుల ద్వేషమే ఎదురవుతుంది.

ఈ నవలను హామ్లెట్‌తో పోల్చటం మనలో రివాజైపోయింది. బుచ్చిబాబు ఇంగ్లీషు సాహిత్యం చదివినవారు, బోధించినవారు, షేక్స్పియర్ మీద తెలుగులో పుస్తకమే రాసినవారు గనుక ఆ పోలికకు ఆధారం లేకపోలేదు. ఎర్నెస్ట్ జోన్స్ 1910లో మొదలుపెట్టి 1949లో పుస్తకంగా పెంచిన వాదన ప్రకారం, హామ్లెట్ పగ తీర్చుకోలేకపోవటానికి కారణం తల్లి మీద అతనికున్న అచేతనమైన కోరిక. ఈ వాదనను తెచ్చి దయానిధికి తొడిగితే లెక్క సరిపోతుంది: తల్లి మీద మమకారంలో చిక్కుబడిన కొడుకు, అందువల్ల ఏ స్త్రీనీ పూర్తిగా ప్రేమించలేనివాడు. తరగతి గదిలో ఇది చెప్పటం సులభం, పరీక్షలో రాయటం మరీ సులభం.

కాని ఈ వ్యాఖ్యానం ఎవరిని నేరస్థురాలిని చేస్తున్నదో గమనించండి. ఊరు ఆ తల్లిని నీతి పేరుతో నిందించింది. విమర్శకుడు ఆమెనే సిద్ధాంతం పేరుతో మరోసారి నిందిస్తున్నాడు. కొడుకు చెడిపోవటానికి మొదట ఆమె నడవడి కారణమన్నారు, ఇప్పుడు ఆమె ఒడి కారణమంటున్నారు. రెండు సందర్భాల్లోనూ మాట పుట్టించిన ఊరు మాత్రం బోనులోకి రావటం లేదు.

నవల ఇచ్చే సాక్ష్యం వేరు. హామ్లెట్ తన తల్లిని తానే చూశాడు, తానే తీర్పు చెప్పాడు. ఆమె ఎదుట నిలబడి అడిగాడు కూడా. దయానిధి తల్లి విషయంలో అతని దగ్గర ఉన్నది ప్రధానంగా ఇతరులు అన్న మాట. ఎదుటివాడు మామూలుగా పలకరించినా ఆ పలకరింపు వెనక తల్లి ప్రస్తావన ఉందేమోనని అతను వెతుక్కుంటాడు. విగోత్‌స్కీ చెప్పిన క్రమం ఇక్కడ స్పష్టంగా ఉంది. ఒకప్పుడు వీధిలో గుసగుసగా ఉన్నది ఇప్పుడు అతని ఆలోచనకు భాష అయింది. తనను తాను చూసుకోవటానికి అతనికి నలుగురి కళ్లు తప్ప వేరే కళ్లు లేవు. అతను స్త్రీలకు దగ్గర కాలేకపోవటాన్ని ఇట్లా చూస్తే అర్థం మారుతుంది. తనను ప్రేమించే ప్రతి స్త్రీ మీదా తన తల్లి మీద పడిన మాటే పడుతుందని అతనికి తెలుసు. అతని జంకులో భయం ఎంత ఉందో, వాళ్లను ఆ మాట నుంచి కాపాడాలనే ఆరాటమూ అంత ఉంది.

అయితే ఫ్రాయిడ్ ఇక్కడ పనికిరాడని అనను. కోరిక అణచబడితే మాయం కాదనీ, రూపం మార్చుకుని తిరిగి వస్తుందనీ అతను చెప్పకపోతే దయానిధి తటపటాయింపు మనకు బలహీనుడి నసగా మాత్రమే కనిపించేది. తల్లిని ప్రేమించటమూ, ఆమెవల్ల సిగ్గుపడటమూ, ఆ సిగ్గుకు మళ్లీ తనను తాను అసహ్యించుకోవటమూ ఒకే మనసులో ఒకే క్షణంలో ఉండగలవని మనకు నేర్పింది మనోవిశ్లేషణే. అది చూపించిన లోతును ఉంచుకుని, అది మూసిన తలుపును తెరవటం మన పని.

ఒక పరిమితిని కూడా చెప్పాలి. దయానిధి ద్వేషాన్ని మానవ స్వభావమంత విశాలం చేసి చూస్తాడు. కోస్తాలోని ద్వేషానికీ సీమలోని ద్వేషానికీ వెనక ఉన్న ఆస్తి, ప్రాంతం, అధికారం అతని ఆలోచనలో పలచబడిపోతాయి. చివరికి అతను జీవితంతో రాజీపడటానికి ప్రయత్నిస్తాడే గాని నలుగురిని ఎదిరించడు. ఇది పాత్ర పరిమితి అనుకున్నా, రచయిత దాన్ని దాటి ఒక్క అడుగు వేసి ఉంటే నవల మరో ఎత్తుకు వెళ్లేది.

5. నలుగురూ లేని రాత్రి

నలుగురూ మనసులో కాపురం పెట్టారనటానికి రుజువు కావాలంటే, వాళ్లు లేచిపోయిన ఒక్క రాత్రిని చూడాలి. ఆ రాత్రి పద్మరాజు 'గాలివాన'లో ఉంది. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి పొందిన కథ ఇది. రావుగారు నియమాల మనిషి. ఇంట్లోనూ బయటా ఒక క్రమశిక్షణ పెట్టుకుని, దాని ప్రకారం నడిచి, గౌరవం సంపాదించుకున్నవాడు. ఉపన్యాసం ఇవ్వటానికి బయలుదేరి, తుపానులో ఒక చిన్న స్టేషనులో ఒంటరిగా చిక్కుకుంటాడు. చీకటి, గాలి, చావు భయం. ఉన్నది ఒక బిచ్చగత్తె మాత్రమే. అంతవరకు ఆమెను చీదరించుకున్న మనిషి ఆమె దేహపు వెచ్చదనాన్ని ఆశ్రయిస్తాడు. తెల్లవారేసరికి ఆమె శవమై కనిపిస్తుంది. అతను దుఃఖిస్తాడు.

రావుగారు భయంలో శైశవానికి తిరిగి వెళ్లాడనీ, ఆ స్త్రీలో తల్లిని వెతుక్కున్నాడనీ ఫ్రాయిడ్ శిష్యుడు అంటాడు. ఆ మాటలో నిజం ఉంది. కాని అతని నియమాలు ఎప్పుడు సడలాయి? తండ్రి గొంతే లోపల శాసిస్తూ ఉంటే, ప్రాణభయంలో అది సడలినా తెల్లవారి అదే తీర్పు చెప్పాలి, అతను సిగ్గుపడాలి. అతనిలో మిగిలింది దుఃఖం. అతని నీతి అంతా చూసే కళ్ల మీద ఆధారపడిన నీతి. తుపాను దీపాలతో పాటు ఆ కళ్లను కూడా ఆర్పేసింది. చూసేవాళ్లు లేని ఆ కొద్ది గంటల్లో కులం, అంతస్తు, ఉపన్యాసం అన్నీ పోయి ఇద్దరు మనుషులు మిగిలారు. తుపానులు ఎరిగిన ప్రాంతంలో పుట్టిన రచయిత ఆ రాత్రిని నమ్మదగినట్టుగా కట్టాడు.

1950ల తొలినాళ్ల 'అల్పజీవి'లో రావిశాస్త్రి మరో మెట్టు చూపించాడు. గుమాస్తా సుబ్బయ్య భయాన్ని ఆడ్లర్ న్యూనతాభావంగా గుర్తుపట్టటం తేలికే. కాని ఆ నవలలో భయపెట్టేవాడికి డబ్బూ పలుకుబడీ ఉన్నాయి, భయపడేవాడికి లేవు. న్యూనత మనసులో ఉంది, దాని కొలత బజారులో ఉంది. మన మనోవైజ్ఞానిక నవలల్లో అభ్యుదయ విమర్శకు అతి దగ్గరగా వచ్చింది ఇదే.

6. లెక్కలోకి రాని పిల్లలు

ఇంతవరకు చెప్పుకున్న పాత్రలన్నీ దాదాపుగా నలుగురిలో స్థానం ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవే. నలుగురిలో తల దించుకోవలసి వస్తుందని బాధపడాలంటే ముందు ఆ నలుగురిలో తలెత్తుకునే హక్కు ఉండాలి. ఊరి చివరి పేటలో, కొల్లేటి లంకలో పుట్టిన బిడ్డకు ఆ హక్కు పుట్టుకతో ఉండదు. తీర్పు మాత్రం పుట్టుకతోనే పడుతుంది. ఈ బిడ్డ అధ్యహంలో ఏ గొంతు ఉంటుందనే ప్రశ్నను మన మనోవైజ్ఞానిక నవల ఇంకా గట్టిగా వేయలేదు.

ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రచురించిన గ్రంథంలో ఫ్రాయిడ్ దశలను పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎనిమిది చేశాడు. అందులో అతను అమెరికాలోని యురోక్ అనే ఆదివాసుల పెంపకాన్ని వివరిస్తాడు. వాళ్లు నదిలో చేపలు పట్టి బతికేవాళ్లు. బిడ్డకు తిండి ఎట్లా తినాలో నేర్పటం నుంచి వాళ్ల పెంపకమంతా ఆ నదితో, ఆ చేపతో ముడిపడి ఉందని అతను చూపిస్తాడు. తిండి సంపాదించే పద్ధతి పెంపకంలోకి, పెంపకం మనసులోకి వెళ్లటం భౌతికవాదికి పరాయి విషయం కాదు. కొల్లేరు రెండు డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దానిలో కలుస్తాయి, ఉప్పుటేరు దాన్ని సముద్రానికి చేరుస్తుంది. ఇక్కడి లంకల్లో, బెడ్డు గ్రామాల్లో వడ్డి కులపు మత్స్యకారుల పిల్లలు దోనె మీద, వల పక్కన పెరిగారు. 1970ల తర్వాత చేపల చెరువులు వచ్చి సరస్సును ముక్కలు చేశాయి. పెట్టుబడి బయటివాళ్లది, కాపలా ఇక్కడివాళ్లది అయిన చెరువులు ఎన్నో. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువు గట్లను ప్రభుత్వం పగలగొట్టింది. ఒక తరం పిల్లలు సరస్సు బతుకునూ, దాని బదులు వచ్చిన చెరువు బతుకునూ రెండింటినీ తమ కళ్ల ముందే పోగొట్టుకున్నారు. ఆ పిల్లల లోపల ఏం జరిగిందో ఏ నవలా చెప్పకపోతే, మనోవిశ్లేషణ ఇంకా వియన్నా ఇంట్లోనే ఉన్నట్టు.

ఎరిక్సన్ పట్టికలో బడి వయసు దశకు ఒక ప్రత్యేకత ఉంది. తన చేతులతో ఏదైనా చేయగలననే నమ్మకం అప్పుడే పుడుతుంది, లేదా ఎందుకూ పనికిరాననే న్యూనత అప్పుడే నాటుకుంటుంది. ఫ్రాయిడ్ గుప్త దశ అని తొందరగా దాటేసిన వయసు ఇదే. పాఠం చెప్పే వృత్తిలో ఉన్నవాడికి ఈ వయసులో గుప్తమైనది ఏదీ కనిపించదు. వల అల్లటం, నీటి లోతు చూపుతో అంచనా కట్టటం, ఏ రుతువులో ఏ పిట్ట వస్తుందో చెప్పటం తెలిసిన పిల్లవాడు బడికి వచ్చేసరికి ఏమీ తెలియనివాడవుతాడు. ఎందుకంటే వాడికి తెలిసినవాటికి మన పాఠ్యపుస్తకంలో మార్కులు లేవు. తల్లి పేరుతో, పేట పేరుతో పిలిచే పిలుపు ఒకటి తరగతిలో చలామణీ అవుతుంది. వాళ్ల ఇంట్లో అంతేలే అని పెద్దవాళ్లు అనే మాట వాడి చెవిన పడుతుంది. కొన్నాళ్లకు ఆ మాట అనవలసిన అవసరం ఎవరికీ ఉండదు. వాడే అనుకుంటాడు. దయానిధికి జరిగినది సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే దయానిధికి వైద్యుడి చదువూ, కొంత ఆస్తీ, తన బాధను చెప్పుకునే భాషా ఉన్నాయి.

కాబట్టి మన సాహిత్య విద్యార్థులకు నేను సూచించేది ఒక పఠన పద్ధతి. పాత్ర బాల్యాన్ని వెతకండి, తప్పకుండా వెతకండి; ఆ విషయంలో ఫ్రాయిడ్‌కు మనం రుణపడి ఉన్నాం. వెతికేటప్పుడు తల్లి దగ్గరా తండ్రి దగ్గరా ఆగకండి. ఆ పాత్ర లోపల వినిపించే ప్రతి తీర్పుకూ బయట చిరునామా కనుక్కోండి. అది ఏ వీధిది, ఏ కులానిది, దానివల్ల ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరికి కౌలు దక్కింది అని అడగండి. రచయితలకు చెప్పవలసింది ఇంకా ఉంది. బుచ్చిబాబు 1967లో కన్నుమూశారు, పద్మరాజు 1983లో. వాళ్లు మనిషి లోపలికి దారి వేశారు గాని, ఆ దారిన ఇంతవరకు ఎక్కువగా నడిచింది మధ్యతరగతి మగవాడు. దయానిధి తల్లి తన కథను తాను చెప్పుకోలేదు. గాలివానలో చనిపోయిన స్త్రీ బాల్యం మనకు తెలియదు. చెరువు గట్టు మీద కాపలా గుడిసెలో పెరుగుతున్న పిల్ల తనను తాను ఏ మాటలతో తిట్టుకుంటున్నదో, ఏ మాటలతో ఓదార్చుకుంటున్నదో రాసినవారు లేరు. నలుగురి తీర్పు మోయవలసినవాళ్లు నలుగురి గురించి తమ తీర్పు చెప్పే నవల రావాలి. అది వచ్చిన రోజున మనోవిశ్లేషణ మన భాషలో నిజంగా పని మొదలుపెట్టినట్టు.